సీటు లెక్క తొమ్మిదో తరగతి నుంచే

పాఠకుల ప్రశ్నలు – సలహా బృందం జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉత్తరాలకే చోటిచ్చాం. ఊళ్లు ఉంచి, పేర్లు తీసేశాం.

మాది టెక్కలి పక్క పల్లె. మేమిద్దరం చెన్నైలో బిల్డింగ్ పనికి పోతాం. మా గుంటడు అక్కడే ఎనిమిదో తరగతి. పది అయ్యాక ఊరికి తెచ్చి ఇంటర్‌లో వేద్దామనుకుంటున్నాం. తర్వాత ఇంజినీరింగ్ సీటుకి ఇబ్బందేమైనా ఉంటుందా అండీ? – ఒక తండ్రి, టెక్కలి

ఉంటుందండీ. చిన్న ఇబ్బంది కాదు. పది అయ్యేదాకా ఆగొద్దు. ఈ వేసవిలోనే తెచ్చేయండి, తొమ్మిది ఇక్కడే మొదలవ్వాలి.

ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకు చూసి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవాటిలో, 85 శాతం లోకల్ పిల్లలవి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత జిల్లాలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. ఈ ప్రాంతంలో లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. వెనక నుంచి లెక్కపెట్టండి: ఇంటర్ రెండో ఏడాది, మొదటి ఏడాది, పది, తొమ్మిది. ఆ తొమ్మిది చెన్నైలో పడిందంటే మిగతా మూడేళ్లు ఇక్కడ చదివినా లెక్కకు రాదు.

‘ఏడేళ్ల రూలు ఉందట కదా’ అని ఎవరైనా చెప్పొచ్చు. ఉంది. అది రాష్ట్రం లోపలే ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మారిన వాళ్లకి. కొన్నాళ్లు తిరుపతిలో, కొన్నాళ్లు శ్రీకాకుళంలో చదివితే, ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడుంటే అక్కడ లోకల్. రాష్ట్రం దాటి చదివిన వాళ్లని ఆ రూలు ఆదుకోదు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు ఉన్నట్టు తహసీల్దార్ ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తే మిగతా 15 శాతం సీట్లకి మీ వాడు పోటీ పడొచ్చు. వాటికి లోకల్ పిల్లలూ పోటీకొస్తారు. అంటే తోటివాడికి రెండు తలుపులు తెరిచి ఉంటే, మీ వాడికి ఒక్కటే, అదీ ఇరుకుది. హైదరాబాద్‌లో చదివించే వాళ్లకీ ఇప్పుడు ఇదే పరిస్థితి. విభజన చట్టం ఉమ్మడి ప్రవేశాలకి ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది.

తెచ్చేటప్పుడు మూడు పనులు చూసుకోండి. టీసీ వేరే రాష్ట్రానిది కాబట్టి అక్కడి విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అడుగుతారు. ఊరికొచ్చాక దాని కోసం మళ్లీ చెన్నై రైలెక్కడం కంటే, టీసీ తీసుకున్నప్పుడే ఆ బడి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి చేయించుకోండి. రెండోది తెలుగు. అక్కడ తమిళం చదివిన పిల్లాడు ఇక్కడ పదిలో తెలుగు పేపరు రాయాలి. గుణింతాలు, ఒత్తులు ఈ వేసవిలో మొదలుపెడితే రెండేళ్ల వ్యవధి ఉంటుంది. అదే పదో తరగతిలో తెస్తే పది నెలలు కూడా మిగలవు. మూడోది ఉండడానికి చోటు. తాతా అమ్మమ్మల దగ్గర కుదరకపోతే మండలంలోని సంక్షేమ హాస్టల్ వార్డెన్‌ని బడి తెరిచే ముందే కలవండి.

ఇక ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ విడిగా తీసుకోండి. ‘2025 వరకు చదివాడు’ అని రాసింది పనికిరాదు. ఏ తరగతి, ఏ విద్యా సంవత్సరం (2024–25 అన్నట్టు), ఊరు, మండలం, జిల్లా, అడ్మిషన్ నంబరు, సంతకం, సీలు ఉండాలి. వెరిఫికేషన్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చూస్తారు. మధ్యలో ఒక్క ఏడాది కాగితం లేకపోయినా అక్కడ ఆగిపోతారు. బళ్లు మూతపడతాయి, విలీనమవుతాయి. అప్పుడు ఆ రిజిస్టర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఏ ఏడాది కాగితం ఆ ఏడాదే తీసుకుని పెట్టుకోండి.

మా అమ్మాయి ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ చదువుతోంది. ఆంధ్రాలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాయొచ్చా? – ఒక తల్లి, పాతపట్నం

రాయొచ్చు. లోకల్ మాత్రం కాదు, కారణం పైన చెప్పిందే. ఇంకో మాట గుర్తుంచుకోండి. ఈఏపీసెట్ ర్యాంకులో 75 శాతం పరీక్ష మార్కులది, 25 శాతం ఇంటర్ గ్రూపు సబ్జెక్టులది. మన బోర్డు పిల్లల మార్కులు వాటంతటవే చేరతాయి. ఒడిశా బోర్డు, సీబీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ పిల్లలు మార్కులు తామే నమోదు చేసి మెమో పంపాలి. అది మర్చిపోతే పరీక్ష ఎంత బాగా రాసినా ర్యాంకు రాదు.

మీ అమ్మాయి జేఈఈ కూడా రాస్తుంటే ఒక మంచి సంగతి ఉంది. కేంద్ర ఇంజినీరింగ్ సంస్థలైన ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. అక్కడ సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో అది, పుట్టిన ఊరు కాదు. ఆమెకి తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ కోటా ఉండదు గానీ రూర్కెలా ఎన్‌ఐటీలో ఉంటుంది. కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునేటప్పుడు ఆ ఆప్షన్లు పైన పెట్టించండి.

పాప పదో తరగతి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడిలో ఒక్క అక్షరమే ఉంది. వాళ్ల నాన్న పేరులోనూ తేడా ఉంది. ఏది దిద్దించాలి? – ఒక తల్లి, నెల్లిమర్ల

బడి రికార్డుని ముందు చూడండి. పది మెమోలో పడిన పేరే జీవితాంతం నడుస్తుంది, దాన్ని తర్వాత మార్పించడం చాలా కష్టం. పరీక్షలకి కొన్ని నెలల ముందు బడి నుంచి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపుతారు. పంపే ముందు మీరే బడికెళ్లి మీ పాప వరుసని కళ్లారా చూడండి. పేరు స్పెల్లింగ్, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం, మీడియం, రెండో భాష వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవండి. పొరపాటుంటే అప్పుడు హెడ్‌మాస్టర్ చేతిలో పని. మెమో అచ్చయ్యాక అది బోర్డు దాకా పోతుంది.

బడి రికార్డు సరిగ్గా ఉంటే ఆధార్‌నే దానికి సరిపోయేలా మార్పించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి వేలిముద్ర వేసే చోట ఆధార్ పేరు, కాలేజీ పేరు కలవకపోతే దరఖాస్తు ఆగిపోతుంది. పుట్టిన తేదీని ఆధార్‌లో పదేపదే మార్చనివ్వరు. అందుకని మొదటిసారే సరైన కాగితంతో వెళ్లండి. తండ్రి పేరులో తేడా ఉంటే కుల, ఆదాయ సర్టిఫికెట్లు తీసేముందే సరిచేసుకోవాలి. లేకపోతే తప్పు పేరుతోనే అవీ వస్తాయి.

అబ్బాయికి పదిలో మంచి మార్కులు వస్తాయంటున్నారు. ట్రిపుల్ ఐటీయా, పాలిటెక్నిక్కా, ఇంటరా? – ఒక తండ్రి, రణస్థలం

ఇప్పుడే ఒకటి ఎంచుకోనక్కర్లేదు. మూడింటికీ దారి తెరిచి ఉంచండి.

మీకు పక్కనే ఎచ్చెర్ల మండలంలో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ) ఉంది. మిగతావి నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు. ఆరేళ్ల చదువు: రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్. ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే ఆధారం. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బళ్ల పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. జెడ్పీ హైస్కూలు పిల్లాడికి ఇది చాలా పెద్ద ఊతం, కార్పొరేట్ బడి పిల్లాడితో సమానంగా నిలబెడుతుంది. పది మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలి. మార్కులు సమానమైతే లెక్కల మార్కులు ముందు చూస్తారు. కాబట్టి మొత్తం బాగుందని లెక్కల్ని తేలిగ్గా తీసుకోనివ్వకండి.

పాలిటెక్నిక్‌కి ప్రవేశ పరీక్ష పాలిసెట్. 120 ప్రశ్నలు, రెండు గంటలు. లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. తప్పుకి మార్కు కోత లేదు. పది పుస్తకాలే చదవాలి, బయట గైడ్లు అక్కర్లేదు. మా అభిప్రాయం: ఇంట్లో త్వరగా సంపాదన కావాల్సిన వాళ్లకి ప్రభుత్వ పాలిటెక్నిక్‌ని మించింది లేదు. మూడేళ్లకి చేతిలో డిప్లొమా ఉంటుంది. చదవాలనిపిస్తే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ప్రైవేటు జూనియర్ కాలేజీలు ముందే మొదలవుతాయి, ట్రిపుల్ ఐటీ జాబితా తర్వాత వస్తుంది. కాలేజీ వాళ్లు చేర్చుకునేటప్పుడు టీసీ, పది మెమో ఒరిజినల్స్ తీసుకుంటారు. సీటొచ్చిందని వెళ్లి అడిగితే ఏడాది ఫీజు కట్టమంటారు. మొదట జెరాక్సులే ఇవ్వండి. డబ్బు కట్టే ముందే ‘ట్రిపుల్ ఐటీ వస్తే ఎంత వెనక్కిస్తారు, ఒరిజినల్స్ ఎన్నాళ్లలో ఇస్తారు’ అని అడిగి, రసీదు వెనక రాయించుకోండి. రాయనన్నారంటే అదే వాళ్ల సమాధానం అనుకోండి.

ఈఏపీసెట్‌లో టైం చాలడం లేదు. మోడల్ టెస్టుల్లో లెక్కలు సగంలో ఉండిపోతున్నాయి. – ఇంటర్ ఎంపీసీ విద్యార్థిని, బొబ్బిలి

160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకి సుమారు 67 సెకన్లు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మొదట లెక్కలతో మొదలుపెట్టడమే నీ ఇబ్బందికి కారణం అయి ఉంటుందమ్మా. కెమిస్ట్రీ ముందు చెయ్యి, 30 నిమిషాల్లో ముగించు. అందులో చాలావరకు తెలుసు, తెలియదు అన్న రెండే ఉంటాయి. ఆలోచిస్తే వచ్చేవి తక్కువ. ఫిజిక్స్‌కి 45 నిమిషాలు. మిగతా 105 నిమిషాల్లో 95 లెక్కలకి, చివరి పది వదిలేసిన వాటికి. లెక్కల్లో ప్రశ్న చదివాక అర నిమిషంలో దారి దొరక్కపోతే గుర్తు పెట్టి ముందుకెళ్లిపో.

ఈ పరీక్షలో మైనస్ మార్కులు లేవు. ఒక్కటీ ఖాళీ వదలకు. జేఈఈ మెయిన్‌కి చదివిన పిల్లలు అక్కడి భయంతో ఇక్కడా ఖాళీలు వదిలేస్తారు. ఆ అలవాటు పోవాలంటే నాలుగు మోడల్ టెస్టులైనా కంప్యూటర్ మీదే రాయాలి. లెక్క కాగితం మీద చేసి జవాబు తెర మీద నొక్కడానికి కూడా టైం పడుతుంది, పుస్తకంలో టిక్కులు పెడితే ఆ సంగతి తెలీదు. ఇంటర్ పబ్లిక్ పరీక్షల్ని చిన్నచూపు చూడకు. గ్రూపు సబ్జెక్టుల్లో 90 శాతం వస్తే ఆ 25లో 22.5 చేతికొచ్చినట్టే. సెట్‌లో 100 మార్కులొస్తే 75లో 46.9 మాత్రమే.

పోయిన ఏడాది మా అన్నయ్యకి మంచి ర్యాంకొచ్చినా దూరం కాలేజీ పడింది. వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఎంచుకునే కాలేజీల జాబితా) సరిగ్గా పెట్టలేదన్నారు. ఎన్ని పెట్టాలి, ఏ వరుసలో పెట్టాలి? – ఒక విద్యార్థిని, చీపురుపల్లి

ఈ ప్రశ్నకి ఎంత చోటైనా ఇవ్వొచ్చు. రెండేళ్ల చదువు ఫలితం రెండు మూడు రోజుల్లో తేలే చోటు ఇదే.

కంప్యూటర్ ఎలా పని చేస్తుందో ముందు అర్థం చేసుకో. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరి జాబితా తీసుకుని పై నుంచి కిందికి చూస్తుంది. మొదటి ఆప్షన్‌లో నీ కేటగిరీకి సీటుంటే అది ఇచ్చి ఆగిపోతుంది. లేకపోతే రెండోది చూస్తుంది. ‘రాని కాలేజీ మొదట పెడితే వచ్చే కాలేజీ కూడా పోతుంది’ అని ఊళ్లో అంటారు. అది పూర్తిగా తప్పు. పైన ఎన్ని రానివి పెట్టినా కింద నీ స్థానం చెక్కుచెదరదు. నష్టం రెండు చోట్లే జరుగుతుంది: ఇష్టం లేనిదాన్ని ఇష్టమైనదాని పైన పెట్టినప్పుడు, జాబితా మరీ పొట్టిగా ఉన్నప్పుడు.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకో. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో పోయిన ఏడాది చివరి ర్యాంకుల పట్టిక ఉంటుంది. అందులో కాలేజీ, బ్రాంచ్ వారీగా ఓసీ, బీసీ–ఏ నుంచి బీసీ–ఈ దాకా, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీలు), మళ్లీ ఒక్కోదానికీ అబ్బాయిలు, అమ్మాయిలు విడివిడిగా గళ్లుంటాయి. నీ కేటగిరీలో అమ్మాయిల గడి చూసుకో, పక్కన ఓసీ అమ్మాయిల గడి కూడా చూడు. అమ్మాయిలకి మూడో వంతు సీట్లు ఉన్నందువల్ల అబ్బాయిల గడికీ అమ్మాయిల గడికీ తేడా ఉంటుంది. మీ అన్నయ్య చూసిన గడి నీకు పనికిరాదు.

నోట్‌బుక్‌లో మూడు గుంపులు చెయ్యి. నీ ర్యాంకు 40,000 అనుకుందాం. చివరి ర్యాంకు 25,000 నుంచి 38,000 దాకా ఉన్నవి మొదటి గుంపు, 38,000 నుంచి 50,000 దాకా రెండోది, ఆ పైన మూడోది. ఒక్కో గుంపులో నీ ఇష్టం ప్రకారం వరుస పెట్టు. ర్యాంకులు ఏటా మారతాయి, కొత్త సీట్లు వస్తాయి. అందుకే మొదటి గుంపులో కనీసం పదిహేను ఉండాలి. మూడో గుంపు ఇరవైకి తగ్గొద్దు. మొత్తం యాభై వరుసలు ఎక్కువేమీ కాదు.

ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది: కాలేజీ ముఖ్యమా, బ్రాంచా, రోజూ ఇంటికి రావడమా? విజయనగరం జేఎన్‌టీయూ–జీవీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), చింతలవలస వైపు కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), రాజాంలో ఈఈఈ (ఎలక్ట్రికల్) అని మూడు ఉంటే, వాటి వరుస నువ్వే చెప్పాలి, నెట్ సెంటర్ వాడు కాదు. బస్సు ఫీజు, హాస్టల్ ఖర్చు ట్యూషన్ ఫీజులో ఉండవు, వాటిని విడిగా కనుక్కో. సీఎస్‌ఈతో పాటు సీఎస్‌ఎం (ఏఐ, మెషిన్ లెర్నింగ్), సీఎస్‌డీ (డేటా సైన్స్), సీఏఐ (ఏఐ) అని కనిపిస్తాయి. అవి వేర్వేరు బ్రాంచ్‌లు, వేర్వేరు కోడ్‌లు. సీఎస్‌ఈ ఒక్కటే పెట్టి మిగతావి వదిలేయడం వల్లే చాలామందికి అదే కాలేజీలో వచ్చే సీటు తప్పిపోతుంది.

ఇక ఎక్కించేటప్పుడు కోడ్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే విజయనగరం బదులు చిత్తూరు జిల్లా కాలేజీ పడుతుంది. ఒకరు నోట్‌బుక్ చూసి చదవాలి, ఒకరు ఎక్కించాలి. సేవ్ చేశాక లాగౌట్ అయ్యి, మళ్లీ లాగిన్ అయ్యి, ప్రింట్ తీసి ఒక్కో వరుసా టిక్కు పెట్టు. చివరి రోజు సాయంత్రం సైటు నెమ్మదిస్తుంది, ముందురోజే పూర్తి చెయ్యి. పాస్‌వర్డ్ నెట్ సెంటర్‌లో వదిలి రాకు. ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో వాళ్లదే అయి ఉండాలి, పని కోసం వేరే ఊళ్లో ఉన్న వాళ్ల నంబరు ఇవ్వకు.

సీటొచ్చాక వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలి, గడువులోగా కాలేజీకీ వెళ్లాలి. రెండూ చెయ్యాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే సీటు పోతుంది. రెండో విడతలో దిగుతావా, ఇప్పుడున్న సీటు కంటే నిజంగా బాగున్నవే పెట్టు. కొత్తది పడితే పాతది ఆ క్షణమే వేరొకరికి వెళ్లిపోతుంది, ‘ముందుదే కావాలి’ అనడానికి ఉండదు. సందేహం ఉంటే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోని హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లి అడుగు. అక్కడ ఉచితంగానే చెబుతారు.

మాకు బీసీ సర్టిఫికెట్ ఉంది. జేఈఈకి అది చాలదంటున్నారు. – ఒక తండ్రి, ఎస్.కోట

చాలదు. జేఈఈ, నీట్ అఖిల భారత కోటా, కేంద్ర విశ్వవిద్యాలయాలు కేంద్ర ఓబీసీ జాబితానే చూస్తాయి. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ అందులో ఉండదు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఆంధ్రప్రదేశ్ కింద ఉందో లేదో ముందు చూడండి. ఉంటే కేంద్ర నమూనాలో ఓబీసీ–ఎన్‌సీఎల్ (సంపన్న శ్రేణి కాని ఓబీసీ) సర్టిఫికెట్ తీసుకోవాలి. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌కి అది ప్రవేశాలు జరిగే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదై ఉండాలి. జనవరిలో తీసి దాచుకుంటే పనికిరాదు. ఈడబ్ల్యూఎస్‌కీ అంతే. ఏప్రిల్ మొదటి వారంలోనే మీ ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి, జూన్‌లో అందరూ ఒకేసారి వస్తారు. అది లేకపోతే జనరల్‌లో లెక్కేస్తారు.

ఒకాయన ఇంటికొచ్చి ఇరవై వేలు అడ్వాన్సిస్తే సీటు ఖాయం, ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుంది అన్నాడు. నమ్మొచ్చా? – ఒక తల్లి, పలాస

నమ్మొద్దమ్మా. కన్వీనర్ సీటు కంప్యూటర్ ఇస్తుంది, దాన్ని ఖాయం చేసే మనిషి ఎక్కడా లేడు. ఆయన ఇప్పించగలిగింది కాలేజీ వాళ్లు సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ సీటు, కాకపోతే చివర్లో మిగిలిన స్పాట్ సీటు. ఆ రెండింటికీ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. చేరిన తర్వాత ఆ సంగతి తెలిసి నాలుగేళ్ల ఫీజు అప్పు తెచ్చి కట్టిన ఇళ్లు మీ చుట్టుపక్కలే ఉంటాయి, అడిగి చూడండి. ఆయన అమ్మాయి హాల్‌టికెట్ నంబరు, ఓటీపీ అడిగితే అసలే ఇవ్వకండి. వాటితో ఆమె ఆప్షన్లు ఆయనే పెట్టేయగలడు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రోజే పాస్‌వర్డ్ మార్పించి, పెట్టిన ఆప్షన్ల ప్రింటు తీయించి చూసుకోండి.